మన చెరువు బాతు – దాని ఇంటిపేరు, సొంతపేరు

(సంఘం సర్వసభ్య సమావేశం సందర్భంగా ఏర్పాటైన విజ్ఞాన గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను సవరణల గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకోవలసిన వేదికపై బాతుల గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు మొదట నవ్వారు. తరువాత, "ఏడాదికి ఒక్కసారైనా మనకు సంబంధించని విషయం విందాం" అని అనుమతించారు. వారికి నా కృతజ్ఞతలు. అయితే ఒక చిన్న మనవి. ఇది మనకు సంబంధించని విషయం కాదు. పేరు, ఇంటిపేరు, చేరిన తేదీ, సీనియారిటీ, రికార్డులో దిద్దుబాటు – మనం జీవితమంతా చేసిన పని ఇదే కదా! ఇదే పనిని పక్షుల విషయంలో చేసేవారు ఉన్నారు. వారి ఫైళ్లు మన ఫైళ్ల కంటే పాతవి. 1758 నుంచి నడుస్తున్నాయి.

నేను నీటిపారుదల శాఖలో, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఎక్కువ కాలం పనిచేశాను. క్యాంపులకు వెళ్లినప్పుడు చెరువు కట్టల మీద నిలబడి చూడటం అలవాటైంది. ఏ చెరువు దగ్గర చూసినా ఒక బాతు కనబడేది. చలికాలంలో వచ్చి వేసవికి పోయే వలస బాతులు వేరు. ఇది ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటుంది, ఇక్కడే గుడ్లు పెడుతుంది. పెంపుడు బాతంత ఉంటుంది. ఒంటి మీద ఈకలు చేప పొలుసుల్లా ముదురు మధ్యతో, లేత అంచుతో ఉంటాయి. ముక్కు నల్లగా ఉండి, కొస మాత్రం పసుపు పచ్చగా మెరుస్తుంది. ముక్కు మొదట, నుదుటి దగ్గర, అటొకటి ఇటొకటి రెండు ఎర్రని మచ్చలు. రెక్క మీద ఆకుపచ్చని అద్దం వంటి పట్టీ, దాని పక్కన తెల్లని ఈకలు. కాళ్లు ఎర్రగా ఉంటాయి. చాలా బాతుల్లో మగది రంగులతో, ఆడది మట్టి రంగుతో ఉంటే, దీనిలో రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి.

ఆంగ్లంలో దీన్ని ఇప్పుడు ఇండియన్ స్పాట్‌బిల్డ్ డక్ అంటారు. ఈ ప్రసంగం వరకు నేను దీన్ని 'మచ్చముక్కు బాతు' అంటాను. శాస్త్రంలో దీని పేరు అనాస్ పీసిలోరింకా. పలకడానికి కష్టమే. అర్థం మాత్రం సులువు. అనాస్ అంటే లాటిన్‌లో బాతు. పీసిలోరింకా అంటే గ్రీకు మాటల కలయికలో మచ్చల ముక్కు కలది. అంటే శాస్త్రజ్ఞుడు కూడా చెరువు గట్టున కూర్చున్న జాలరి చెప్పేదే చెప్పాడు.

ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక

ఈ రెండు మాటల పేరు పద్ధతిని జంతువులన్నిటికీ వరుసగా వర్తింపజేసినవాడు స్వీడన్ దేశపు కార్ల్ లిన్నేయస్. ఆయన 'సిస్టమా నేచురే' గ్రంథం పదవ కూర్పు 1758లో వచ్చింది. జంతువుల పేర్లకు ఆ సంవత్సరమే మొదలు. అంతకు ముందు ఎవరు ఏ పేరు పెట్టినా లెక్కలోకి రాదు.

ఈ పద్ధతి తెలుగువారికి వివరించనక్కరలేదు. పాశ్చాత్యులు సొంతపేరు ముందు చెప్పి ఇంటిపేరు వెనుక చెబుతారు. మనం ఇంటిపేరు ముందు పెట్టి, తరువాత సొంతపేరు చెబుతాం. శాస్త్రీయ నామం అచ్చంగా మన పద్ధతే. అనాస్ అనేది ఇంటిపేరు. దాన్ని ప్రజాతి అంటారు. పీసిలోరింకా సొంతపేరు. రెండూ కలిస్తే జాతి. ఒకే ఇంటిపేరు గలవారు దగ్గరి బంధువులని అర్థం.

ఈ పేరు పక్కన మరొక మాట, ఒక సంవత్సరం కూడా రాస్తారు. మన బాతుకు 'ఫోర్‌స్టర్, 1781' అని ఉంటుంది. అది పేరు పెట్టినవారి సంతకం, తేదీ. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. కొన్నిటికి ఆ సంతకం బ్రాకెట్లలో ఉంటుంది. మన కావ్యాల్లో జంట విడిచి ఉండలేని పక్షిగా చెప్పే జక్కవను తీసుకోండి. చక్రవాకం అన్నా అదే. అదీ బాతుల కుటుంబంలోనిదే. దాని శాస్త్రీయ నామం టడోర్నా ఫెర్రుజీనియా, పక్కన బ్రాకెట్లలో పల్లాస్, 1764. బ్రాకెట్లు ఎందుకంటే పల్లాస్ దానికి మొదట పెట్టిన ఇంటిపేరు అనాస్. తరువాతివారు పరిశీలించి, ఇది అసలు బాతుల ఇంటిది కాదు, వేరే ఇంటిది అని టడోర్నాలోకి మార్చారు. దత్తత వెళ్లినట్టన్నమాట. ఇంటిపేరు మారినా సొంతపేరు మారలేదు. మొదట పెట్టినవాడి గౌరవమూ పోలేదు. బ్రాకెట్లు మాత్రం వచ్చాయి. మన మచ్చముక్కు బాతుకు బ్రాకెట్లు లేవు. అంటే 1781లో పెట్టిన ఇంటిపేరుతోనే ఈనాటికీ ఉందని అర్థం.

సీనియారిటీ సూత్రం

ఒకే పక్షికి ఇద్దరు రెండు పేర్లు పెడితే ఏమవుతుంది? మన సర్వీసు రూల్సులో ఉన్నదే ఇక్కడా ఉంది. ముందు ప్రచురితమైనది నిలుస్తుంది. దీన్ని ప్రాధాన్య సూత్రం అంటారు. తగాదాలు తీర్చడానికి 1895లో ఒక అంతర్జాతీయ కమిషన్ ఏర్పడింది. వారి నియమావళి నాలుగవ కూర్పు 2000 జనవరి 1 నుంచి అమలులో ఉంది.

ఈ సూత్రం ఎంత నిక్కచ్చిగా నడుస్తుందో చెప్పడానికి ఒక బాతు కథే ఉంది. మనం పెంచే బాతుల పూర్వీకురాలు మల్లార్డ్ అనే అడవి బాతు. యూరప్, ఆసియా, ఉత్తర అమెరికా అంతటా ఉంటుంది, మన దక్షిణాదికి అరుదు. లిన్నేయస్ 1758 గ్రంథంలో ఈ ఒక్క బాతుకే రెండు పేర్లు పెట్టాడు – అనాస్ ప్లాటిరింకోస్ అని ఒకటి, అనాస్ బోస్కాస్ అని ఒకటి. పుస్తకం ఒకటే, సంవత్సరం ఒకటే. మరి సీనియర్ ఎవరు? దాదాపు నూట యాభై ఏళ్లు ఎక్కువమంది బోస్కాస్ అనే రాశారు. 1906లో ఐనార్ లోన్‌బెర్గ్ అనే శాస్త్రజ్ఞుడు గ్రంథం తిరగేసి, ప్లాటిరింకోస్ అన్న పేరు ముందు పుటలో ఉంది, బోస్కాస్ వెనుక పుటలో ఉంది అని చూపించాడు. అంతే, ముందు పుటలోని పేరే నిలిచింది. ఒకే రోజు డ్యూటీలో చేరిన ఇద్దరిలో రిజిస్టరులో ఎవరి పేరు ముందుందో చూసి సీనియారిటీ తేల్చిన సందర్భాలు మనలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి.

ఇది పనిలేనివారి పని అనిపించవచ్చు. కాని మా సెక్షన్‌లో పనిచేసిన ఒక మిత్రుని సంగతి చెబుతాను. సర్వీసు రిజిస్టరులో ఆయన ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు పాసుపుస్తకంలో పొడి అక్షరం మాత్రమే ఉంది. సొంతపేరులో ఒక చోట దీర్ఘం ఎక్కువ. ఇద్దరూ ఒకరే అని రుజువు చేసుకోవడానికి ఆయన ఒక కార్యాలయం చుట్టూ నెలల తరబడి తిరిగాడు. అన్నాళ్లూ పింఛను రాలేదు. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు, కాగితం మీద మాత్రం లేడు! మనిషి కనుక నోరు విప్పి అడిగాడు. కాగితం మీద లేని పక్షి వచ్చి అడగదు. అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

మచ్చముక్కు బాతు పర్సనల్ ఫైలు

ఇక మన బాతు ఫైలు తెరుద్దాం. మొదటి కాగితం సింహళంలో పుట్టింది. డచ్చివారి పాలనలో 1752 నుంచి 1757 వరకు అక్కడ గవర్నరుగా ఉన్న యోహాన్ గిడియన్ లోటెన్‌కు ప్రకృతి అంటే అభిమానం. డి బెవెరే అనే స్థానిక చిత్రకారుని చేత పక్షుల బొమ్మలు, జంతువుల బొమ్మలు గీయించాడు. ఉద్యోగం ముగిశాక ఆ బొమ్మలు ఆయనతో యూరప్ చేరాయి. ఇంగ్లండులో థామస్ పెన్నంట్ వాటి నుంచి కొన్ని ఎంచుకుని 1769లో 'ఇండియన్ జువాలజీ' అనే పుస్తకం మొదలుపెట్టాడు గాని, అది పెద్దగా ముందుకు సాగలేదు. ఆ పనిని అందుకున్నవాడు యోహాన్ రీన్‌హోల్డ్ ఫోర్‌స్టర్. కెప్టెన్ కుక్ రెండవ సముద్రయానంలో, 1772 నుంచి 1775 వరకు, ఓడలో వెళ్లిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆయనే. జర్మనీలోని హాలె పట్టణంలో ఆచార్యుడుగా ఉంటూ 1781లో ఆ గ్రంథాన్ని ప్రకటించాడు. అందులోనే మన బాతుకు పేరు వచ్చింది. కనుక ఈ పక్షికి రికార్డు ప్రకారం స్వస్థలం సింహళం. మన చెరువుల్లో ఎన్ని వేల ఏళ్లుగా ఈదుతున్నా, రిజిస్టరులో పుట్టిన ఊరు అదే!

రెండవ కాగితం చైనా నుంచి వచ్చింది. రాబర్ట్ స్విన్‌హో 1836లో కలకత్తాలో పుట్టాడు. చైనాలో బ్రిటిష్ కాన్సల్ కార్యాలయాల్లో ఉద్యోగి. తీరిక వేళల్లో పక్షులను పరిశీలించేవాడు. అక్కడ ఇలాంటిదే ఒక బాతును చూశాడు. ముక్కు కొస పసుపే, కాని మొదట్లో ఎర్ర మచ్చలు లేవు. ఒళ్లు మరింత నలుపు. చెంప మీద ఒక అదనపు నల్లని చార. రెక్క మీది అద్దం ఆకుపచ్చ కాదు, నీలం. 1866లో దీనికి అనాస్ జోనోరింకా అని పేరు పెట్టాడు. జోన్ అంటే పట్టీ. పట్టీ ముక్కు కలది. గమనించండి – ప్లాటిరింకోస్ అంటే వెడల్పు ముక్కు, పీసిలోరింకా అంటే మచ్చల ముక్కు, జోనోరింకా అంటే పట్టీ ముక్కు. మూడు పేర్లూ ముక్కు చూసి పెట్టినవే.

మూడవ కాగితం బర్మాది. అక్కడి రూపంలో ఎర్ర మచ్చలు చిన్నవిగా ఉంటాయి, లేదా ఉండవు. దానికి 1907లో యూజీన్ ఓట్స్ 'హారింగ్టనై' అని పేరు పెట్టాడు. ఈ ఓట్స్ ఎవరనుకుంటున్నారు? పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంటులో పనిచేసిన ఉద్యోగి. నాకు ఆ సంగతి చదివినప్పుడు చాలా సంతోషం కలిగింది. మన నెల్లూరులో పనిచేసిన జెర్డాన్ వైద్యాధికారి. భారతదేశపు వేటపక్షుల మీద మూడు సంపుటాలు తెచ్చిన ఇద్దరిలో హ్యూమ్ సివిల్ సర్వీసు అధికారి, 1885లో కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్న హ్యూమ్ ఆయనే. మార్షల్ సైన్యాధికారి. వీరిలో చాలామంది జీతం కోసం ఒక పని, ఇష్టం కోసం మరొక పని చేసినవారే. పాలకుల దర్పం, వేట సరదా వారికీ ఉండేవి, కాదనను. కాని చూసినదాన్ని తేదీ వేసి రాసిపెట్టే అలవాటు మాత్రం మనకు మిగిల్చిపోయారు.

కలిపారు – విడదీశారు

ఇరవయ్యవ శతాబ్దంలో గాలి కలిపే వైపు వీచింది. జంతువులను రంగు తేడా చూసి విడగొడుతూ పోతే అంతుండదు, ఒకదానితో ఒకటి జతకట్టి సంతానం పొందేవన్నీ ఒకే జాతి అనుకుందాం అన్న ఆలోచన బలపడింది. ఎర్న్‌స్ట్ మేయర్ 1942లో దీన్ని గట్టిగా ప్రతిపాదించాడు. ఆయనే జీన్ డెలకూర్‌తో కలిసి 1945లో బాతుల కుటుంబాన్నంతా తిరిగి సర్దుతూ ఒక వ్యాసం ప్రచురించాడు. ఎన్నో చిన్న ఇళ్లు పోయి, అనాస్ అనే ఒకే పెద్ద ఉమ్మడి కుటుంబం అయింది. చలికాలంలో మన కొల్లేరుకు, పులికాట్‌కు వచ్చే చెంచాముక్కు బాతు, అంటే షోవెలర్, దానితో పాటు గార్గనీ, విజియన్, గాడ్‌వాల్, పిన్‌టెయిల్ అన్నీ ఆ ఇంటివే అయ్యాయి.

ఇదే ధోరణిలో మచ్చముక్కు బాతులు మూడూ ఒకే జాతిగా, మూడు ఉపజాతులుగా లెక్కించబడ్డాయి. అంటే జోనోరింకా తన సొంత సర్వీసు పుస్తకం పోగొట్టుకుని, పీసిలోరింకా పుస్తకంలో ఒక పుట అయింది. మనలో పాతవారు చదివిన పక్షుల పుస్తకాలన్నిటిలోనూ లంక నుంచి సైబీరియా అంచు దాకా ఒకటే స్పాట్‌బిల్. దీన్నే వేటగాళ్లు గ్రే డక్ అనేవారు. న్యూజిలాండులో గ్రే డక్ అంటే మళ్లీ వేరే పక్షి! ఆంగ్ల నామం మీద ఆధారపడితే వచ్చే చిక్కు ఇది.

ఇలా కలపడంలో ఒక లోపం ఉంది. భారతదేశంలో ఉన్న బాతు, జపానులో ఉన్న బాతు జత కడతాయా, కట్టవా అన్నది ఎవరు చూశారు? అవి కలిసే చోటే లేకపోతే ప్రశ్నకు జవాబే లేదు. జవాబు కావాలంటే రెండూ ఒకే నీటిలో గూడు కట్టే చోటు దొరకాలి. దొరికింది. పాల్ లీడర్ అనే పరిశీలకుడు 2006లో ఒక వ్యాసం ప్రకటించాడు. దక్షిణ చైనాలో, హాంకాంగ్ పరిసరాల్లో, పడమటి రూపం, తూర్పు రూపం రెండూ ఒకే ప్రాంతంలో సంతానోత్పత్తి చేస్తున్నాయి. అయినా కలగలిసి ఒకటైపోలేదు. దేని రూపం దానిదే. ఎదురెదురు ఇళ్లలో ఉంటూ వియ్యం అందుకోని రెండు వంశాల్లా నిలిచాయన్నమాట. మేయర్ చెప్పిన కొలతతోనే కొలిచినా ఇవి రెండు జాతులని తేలింది. తరువాతి సంవత్సరాల్లో ప్రధాన జాబితాలు వీటిని విడదీశాయి. స్విన్‌హో 1866లో పెట్టిన పేరు దుమ్ము దులుపుకుని తిరిగి వచ్చింది. కొత్త పేరు వెతకనక్కరలేదు, పాత సీనియారిటీ తోనే పునర్నియామకం! బర్మా రూపం మాత్రం మన బాతుకు ఉపజాతిగానే ఉంది.

ఉమ్మడి కుటుంబం సంగతీ అంతే అయింది. 2009లో జన్యు పదార్థం పోల్చి చేసిన పరిశోధన ఒకటి, అనాస్ అనే ఇంట్లో ఉన్నవారంతా నిజమైన దాయాదులు కారని చూపింది. దరిమిలా ఆ ఇల్లు నాలుగు భాగాలైంది. షోవెలర్, గార్గనీ స్పాటులా ఇంటికి, విజియన్, గాడ్‌వాల్ మరేకా ఇంటికి వెళ్లాయి. బైకాల్ టీల్ ఒక్కటీ వేరే ఇల్లు పెట్టుకుంది. స్పాటులా, మరేకా అన్నవి కొత్త పేర్లు కావు, 1820ల నాటివి. 1945లో మూసిన ఫైళ్లు మళ్లీ తెరిచారు. మన మచ్చముక్కు బాతు, పిన్‌టెయిల్ మాత్రం అసలు ఇంట్లోనే ఉండిపోయాయి.

"ఇలా మాటిమాటికీ మారుస్తుంటే ఇక శాస్త్రం ఏమిటి?" అని మా అబ్బాయి అడిగాడు. నేను అన్నాను – నాయనా, తప్పుడు ఎంట్రీని కొట్టివేసి, పక్కన ఎర్ర సిరాతో సరైనది రాసి, కారణం చూపి, తేదీ వేసి సంతకం చేసిన రిజిస్టరు మంచి రిజిస్టరు. ఏ దిద్దుబాటూ లేని రిజిస్టరును చూస్తేనే ఆడిట్‌వారికి అనుమానం వస్తుంది.

దీనివల్ల ఎవరికి లాభం?

ఇంతకూ ఒక బాతును రెండు అన్నా, రెండింటిని ఒకటి అన్నా చెరువులో బాతుకు పట్టింపు ఉందా? ఉంది. రెండు కారణాలు చెబుతాను.

మొదటిది లెక్క. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి జరుగుతోంది. ఏటా జనవరిలో స్వచ్ఛంద పరిశీలకులు చెరువు చెరువుకూ వెళ్లి జాతివారీగా లెక్క రాస్తారు. పదవీ విరమణ తరువాత నేనూ కొన్నిసార్లు వెళ్లాను. లెక్క పద్దు ప్రకారం ఉంటుంది. రెండు జాతులకు ఒకే పద్దు ఉంటే, ఒక దేశంలో తరిగినది మరొక దేశంలో పెరిగినదాని కింద దాగిపోతుంది. మొత్తం సరిగానే కనిపిస్తుంది. రెండు ఖాతాలను ఒకే హెడ్డు కింద చూపితే లోటు ఎలా కనబడదో మీకు నేను చెప్పాలా? పేరు విడదీసిన తరువాతే మన బాతు మంచిచెడ్డలు మన బాతువిగా తెలుస్తాయి.

ఆ గణన ఫారంలో అడుగున ఒక గడి ఉంటుంది – 'గుర్తించని బాతులు' అని. దూరంగా ఉన్నాయనో, ఎండ కళ్లలో పడుతోందనో, తెలియదనో అందులో వేసేస్తాం. ఒక్కోసారి తప్పదు. కాని ఆ గడిలో పడిన పక్షి ఏ జాతి లెక్కలోకీ రాదు. ఉండీ లేనట్టే. పింఛను ఆగిన మా మిత్రుడిలాగా.

రెండవది రక్తం కల్తీ. అనాస్ ఇంటిలోని కొన్ని జాతులు ఒకదానితో ఒకటి జత కట్టగలవు, పిల్లలు కూడా సంతానం పొందగలవు. న్యూజిలాండు సంగతి చెబుతాను. అక్కడి గ్రే డక్ మన మచ్చముక్కు బాతుకు దగ్గరి చుట్టం. యూరప్ నుంచి వెళ్లి స్థిరపడినవారు 1860ల నుంచి వేట కోసం మల్లార్డ్‌లను తెచ్చి వదిలారు. అవి విపరీతంగా పెరిగి, స్థానిక బాతులతో కలిసిపోయాయి. ఈనాడు అక్కడ కల్తీ లేని గ్రే డక్ దొరకడం కష్టమైపోయింది. ఎవరూ తుపాకితో కాల్చి అంతం చేయలేదు. వంశం వంశంలో కరిగిపోయింది. రష్యా తూర్పు కొసన కూడా మల్లార్డ్‌కు, తూర్పు మచ్చముక్కు బాతుకు మధ్య ఇలాంటి సంకరం జరుగుతోందని 2004లో వెలువడిన ఒక జన్యు అధ్యయనం తెలిపింది.

మన దగ్గర మల్లార్డ్ అరుదే. కాని దాని సంతతి, పెంపుడు బాతు, మన పల్లెల్లో వేలాదిగా ఉంది. కోతలయ్యాక నెల్లూరు, కృష్ణా, గోదావరి ప్రాంతాల పొలాల్లో బాతుల మందలను తోలుకుపోవడం మీరందరూ చూసినదే. అది పేదవారి జీవనాధారం, దాన్ని నేను తప్పుపట్టను. మందను కాపరి సాయంత్రానికి మళ్లించుకుపోతాడు. నా భయం మరొకటి. ముచ్చటపడి కొన్న బాతు పిల్లలను, అవి పెద్దవై గోల చేస్తుంటే తీసుకువెళ్లి ఊరి చెరువులో వదిలేయడం. వాటికి మంచి చేశామనుకుంటాం. పెంపుడు బాతును సహజమైన చెరువులో విడిచిపెట్టవద్దని మీ మనుమలకు, మనుమరాళ్లకు చెప్పండి. ఏది మన బాతో, ఏది కాదో పేరుపెట్టి చెప్పగలిగినవాడే కల్తీని పసిగట్టగలడు.

మన భాషలో పేర్లు

చివరగా తెలుగు పేర్ల సంగతి. శాస్త్రీయ నామం ఉంటే చాలు కదా అనకూడదు. ఊరివారి పేరుకు ఊరివారి తర్కం ఉంటుంది. గూడబాతు అంటాం. అది బాతు కాదు, పెలికాన్. బాతుల వంశానికి దానికి సంబంధం లేదు. నీటి మీద బాతులా తేలుతుంది కనుక మనవారు బాతు అన్నారు. విచిత్రమేమిటంటే, నేలపట్టులో గూళ్లు కట్టే ఆ గూడబాతుకూ ఆంగ్లంలో స్పాట్‌బిల్డ్ పెలికాన్ అనే పేరు. అంటే అదీ మచ్చముక్కుదే! తెలుగులో బాతు, ఆంగ్లంలో మచ్చముక్కు – రెండూ కలిపితే మన బాతు పేరే వచ్చింది. ఇటువంటి చోట లాటిన్ పేరు లేకపోతే తగాదా తీరదు.

అలాగని ఊరి పేరును తీసిపారేయనూ కూడదు. జెర్డాన్ తన పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు కూడా పనిగట్టుకుని రాశాడు. ఆయన పేరు మీద ఉన్న కలివికోడి 1900 తరువాత కనబడక అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. వెతికినవారికి దారి చూపినది ఆ పక్షిని ఎరిగిన స్థానికులే. గ్రంథాలు అంతరించిందన్న పక్షి, పల్లెవారి జ్ఞాపకంలో బతికే ఉంది.

కాబట్టి నా విన్నపం ఇది. మనలో చాలామందికి సొంత ఊళ్లున్నాయి, ఊళ్లలో చెరువులున్నాయి. ఇప్పుడు తీరిక కూడా ఉంది. ఈసారి వెళ్లినప్పుడు చెరువు గట్టున కాసేపు కూర్చోండి. బాతు కనబడితే ముక్కు చూడండి. కొస పసుపుగా ఉందా, మొదట ఎర్ర మచ్చలున్నాయా, రెక్క అద్దం ఏ రంగు – ఒక చిన్న పుస్తకంలో తేదీ వేసి రాయండి. తరువాత అక్కడి జాలరిని, లస్కరును, గొర్రెల కాపరిని అడగండి – "దీన్ని మీరేమంటారు?" అని. వారు చెప్పిన మాటను వారు పలికినట్టే, ఊరి పేరుతో సహా రాయండి. ఒక పక్షికి నాలుగు ఊళ్లలో నాలుగు పేర్లు వస్తే నాలుగూ రాయండి. దిద్దవద్దు. సీనియారిటీ సంగతి తరువాత తేల్చుకోవచ్చు. ముందు ఎంట్రీ పడాలి.

ఆ పుటలను మన సంఘం కార్యాలయానికి పంపితే, జిల్లాలవారీగా ఒక జాబితా తయారుచేసే పని నేను చేస్తాను. జాబితాలు తయారుచేయడంలో నాకు ముప్పయి ఏళ్ల పైచిలుకు అనుభవం ఉంది. దీనికి టి.ఏ., డి.ఏ.లు మాత్రం ఉండవని ముందే మనవి చేసుకుంటున్నాను!